ముక్కుబండికి చల్లగాలి

ఒంగోలు బైపాసు పక్కన షెడ్ల వరసలో బాజీ అనే ఏసీ మేస్త్రి ఉండేవాడు. పనితనం పుట్టెడు, ‘కాదు’ అని చెప్పే ఓపిక మాత్రం పిసరంత కూడా లేదు.

మనిషి చెడ్డవాడు కాదు సుమండీ. ఒకరి సొమ్ముకు ఆశపడేవాడు కాదు. ముప్ఫై ఏళ్ళుగా కార్ల కింద పడుకుని, బానెట్ల మీదికి వంగి, గ్యాసు వాసన పీల్చి పీల్చి అలిసిపోయాడంతే. నడుము పట్టేసింది. మోకాళ్ళు మాట వినడం మానేశాయి. పొద్దున షట్టరు పైకెత్తేసరికే ఆయనకు సాయంత్రమంత నీరసంగా ఉండేది. ఆ నీరసంలో ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎవరైనా వచ్చి కాని పని అడిగితే, కాదని చెప్పడానికి పది మాటలు కావాలి. ఎందుకు కాదో చెప్పాలి. వాళ్ళు ఊరుకుంటారా? ఫలానా ఊళ్ళో ఫలానావాడు చేశాడంటారు. దానికి మళ్ళీ జవాబు చెప్పాలి. అదే ‘సరే’ అంటే ఒక్క మాటతో పోతుంది. అడిగినవాడు సంతోషంగా వెళ్తాడు, మనం కుర్చీలో వెనక్కి వాలొచ్చు. తర్వాత సంగతి తర్వాత.

ఆ తర్వాత సంగతి ఎప్పుడూ ఆయన నెత్తినే పడేది. కాని పనిని ఎలాగోలా అయిందనిపించడానికి రెండింతలు చాకిరీ చేసేవాడు. దాంతో ఇంకా అలిసిపోయేవాడు. అలిసిపోయాడు కాబట్టి మరుసటి మనిషికి మళ్ళీ ‘సరే’ అనేవాడు. చూశారా ఎలా తిరిగిందో!

పక్క షెడ్డులో యోహాను అనే ఆయన రేడియేటర్లకు మాట్లు వేసేవాడు. బాజీతో పాతికేళ్ళ స్నేహం.

“భాయ్, నేను కన్ను మూసేలోగా నీ నోటి నుంచి ‘కాదు’ అన్న మాట ఒక్కసారన్నా వినాలని ఉందయ్యా,” అనేవాడు యోహాను.

“సరేలే, చూద్దాం,” అనేవాడు బాజీ.

వైశాఖం చివర్లో ఒక రోజు పదకొండింటప్పుడు షెడ్డు ముందు ఒక పాత పికప్పు వచ్చి ఆగింది. ఆ వరసలో పని చేసేవాళ్ళందరూ చేతిలో పని వదిలి చూశారు. అరవైల నాటి బండి అది. ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి ముక్కు, ఆ ముక్కుకు గాలి పోయే ఇనప చువ్వల జాలీ, లేత నీలం రంగు. దాన్నందరూ ముక్కుబండి అనేవారు. కనిగిరి వైపు నుంచి వచ్చిన చెంచురామయ్య దాని యజమాని. అరవై అయిదేళ్ళ మనిషి, బక్కపలచన, తెల్ల పంచె. నలభై ఏళ్ళ కిందట పొగాకు కంపెనీవాళ్ళు వేలం వేస్తే కొన్నాడు. దాంతోనే పొగాకు బేళ్ళు తోలాడు, దాంతోనే బతికాడు.

“బాజీ, దీనికి ఏసీ పెట్టాలి,” అన్నాడు చెంచురామయ్య.

బాజీ బానెట్టు ఎత్తి లోపలికి చూశాడు. ఒక్క చూపు చాలు ఆయనకు. ఏసీ అంటే లోపలి వేడిని తీసి బయట పారబోసే యంత్రం. ఆ వేడిని పారబోసే పలక ఇంజను ముందు, రేడియేటరుకు ఎదురుగా కూర్చుంటుంది. అంటే అసలే వేడెక్కే ముసలి ఇంజను మొహాన ఇంకో కుంపటి పెట్టినట్టు. పైగా కంప్రెసరును తిప్పే బరువు కూడా ఆ ఇంజనుదే. ఈ పని నిలవాలంటే ముక్కు జాలీ కోసి గాలికి దారి పెంచాలి, పెద్ద రేడియేటరు వెయ్యాలి, దానికి వేరే ఫ్యాను పెట్టాలి. పదిహేను రోజులు బండి షెడ్డులో ఉండాలి. ఇదంతా బాజీకి అరనిమిషంలో తెలిసిపోయింది.

ఇంతలో చెంచురామయ్యే అన్నాడు: “ఒక్క మాట. ముక్కు మాత్రం ముట్టుకోవద్దు. దాని అందమంతా అందులోనే ఉంది. వారంలో ఇచ్చెయ్యాలి. ఎందుకంటే బాజీ, మా ఇంటిదానికి...”

ఎండ నెత్తి మీదికొచ్చింది. బాజీ నడుము లాగేస్తోంది. ఈ పెద్దాయనతో వాదన పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా తెగదనిపించింది. ఆ ఇంటావిడ కథ వింటే సాయంత్రం దాకా తెగదనిపించింది.

“సరే అన్నా, సరే. అట్నే చేద్దాం. వచ్చే సోమవారం తీసుకుపో,” అన్నాడు.

చెంచురామయ్య మొహం వెలిగింది. చెప్పబోయిన మాట సగంలోనే ఆపి, తాళం చేతిలో పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

బాజీ వినలేదు గాని, మీరు వినండి. చెంచురామయ్య భార్య పేరు మాలకొండమ్మ. మూడేళ్ళ కిందట ఆమె మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఒంగోలు ఆసుపత్రికి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. పోను ఎనభై కిలోమీటర్లు, రాను ఎనభై. ఆ జబ్బులో అన్నిటికంటే పాపిష్టి సంగతి ఏమిటంటే, నీళ్ళు తాగకూడదు. రోజుకు మూడు గ్లాసులు. మజ్జిగైనా అందులోనే, మాత్ర మింగినా అందులోనే. మనమైతే ఎండలో దప్పికైతే చెంబెత్తి గటగటా తాగుతాం. ఆమె ఎండలో ఎనభై కిలోమీటర్లు నోరు పిడచగట్టుకుపోయి కూర్చోవాలి. ఒంటికి కాస్త చల్లగాలి తగిలితే దప్పిక తగ్గుతుందని డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకునే చెంచురామయ్య ఏసీ కోసం పరుగెత్తుకొచ్చాడు.

మరి కొత్త కారు అద్దెకు తీసుకోవచ్చు కదా అంటారా? తీసుకున్నారు, నాలుగుసార్లు; డ్రైవరు కూలి కలిసొస్తుందని ఆయనే తోలాడు. కార్లలో ముందు సీట్లు రెండూ వేరువేరుగా ఉంటాయి. వెనక సీట్లో ఆమె ఒక్కతే పడుకుంటే, కళ్ళు తిరిగినప్పుడు పట్టుకునేవాళ్ళుండరు. ముక్కుబండిలో ముందంతా ఒకటే పొడుగాటి సీటు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆమె కాళ్ళు ముడుచుకుని పడుకుని, మొగుడి తొడ మీద తల పెట్టుకునేది. ఆయన ఒక చేత్తో స్టీరింగు, ఒక చేయి ఆమె నుదుటి మీద. అందుకని ఆ బండి.

వారం రోజులు బాజీ పని చేశాడు. ఇరుకులో ఇరికించి పలక పెట్టాడు. జాలీ వెనక జానెడు చోటు కూడా లేదు. చిన్న కారు నుంచి తీసిన కంప్రెసరును బిగించాడు. డ్యాష్‌బోర్డు కింద గాలి పెట్టె కూర్చోబెట్టాడు. చూడముచ్చటగా ఉంది పని. పనితనానికి వంక పెట్టలేం.

యోహాను వచ్చి, వంగి చూసి, తల కొట్టుకున్నాడు. “ఏంది భాయ్ ఇది? రేడియేటరు ముక్కూ నోరూ మూసేశావు. ఈ ఎండల్లో ఇరవై కిలోమీటర్లు కూడా పోదు. నాకు చెబితే పెద్దది కట్టిచ్చేవాణ్ణి కదా.”

“జాలీ కొయ్యనియ్యడు యోహానూ, ఆ పెద్దాయన.”

“అడిగావా?”

“అడిగితే ఒప్పుకోడు.”

“అడిగావా అంటున్నా.”

బాజీ పానా తీసుకుని మళ్ళీ బానెట్టులోకి వంగాడు. ఆ కాస్త మాటకే ఆయనకు ఆయాసం వచ్చింది.

ఇక్కడ బాజీ చేసిన ఒక పని చెప్పాలి. దాన్ని నేను దాచను. ఏసీ బండి అప్పజెప్పేటప్పుడు మంచి మేస్త్రి నడి మధ్యాహ్నం రమ్మంటాడు. ఎండలో అరగంట తిప్పి చూపిస్తాడు. బాజీ మాత్రం చెంచురామయ్యకు ఫోను చేసి, “సోమవారం పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్యి అన్నా,” అన్నాడు. పొద్దున ఆరింటికి ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. ఏసీ లేకపోయినా చల్లగానే ఉంటుంది. ఈ సంగతి ఆ వరసలో అందరికీ తెలుసు, చెంచురామయ్యకు తప్ప.

సోమవారం తెల్లవారుజాము బస్సుకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. ఆ రోజు ఏడింటికి ఆమెకు డయాలసిస్. మాలకొండమ్మను బాజీ చూడడం అదే మొదటిసారి. మొహం నల్లబడింది. పాదాలు వాచాయి. చెయ్యి మీద సూదుల గుర్తులు చూసి బాజీ, “ఏమైంది వదినమ్మకు?” అని అడిగాడు. చెంచురామయ్య అప్పుడు చెప్పాడు, మొదటిరోజు మింగేసిన మాటంతా.

ఆమె బండెక్కి సీటులో కూర్చుంది. బాజీ ఏసీ వేశాడు. చల్లగాలి మొహానికి తగిలింది. మాలకొండమ్మ కళ్ళు మూసుకుంది.

“బాజీ, నీ కడుపు చల్లగుండ,” అంది. “నీళ్ళు తాగినట్టే ఉందయ్యా.”

ఇప్పుడన్నా చెప్పొచ్చు. అన్నా, మధ్యాహ్నం మాత్రం ఏసీ వేయొద్దు, బండి ఆగిపోద్ది అని ఒక్క ముక్క. కాని చెంచురామయ్య అప్పటికే చక్రం ముందు టెంకాయ కొట్టాడు. నిమ్మకాయలు పెట్టాడు. టెంకాయ చిప్ప తీసుకొచ్చి బాజీ చేతిలో పెట్టి నవ్వుతున్నాడు. ఇప్పుడు నోరు తెరిస్తే నవ్వు పోతుంది, వాదన మొదలవుతుంది, మళ్ళీ బండి విప్పాలి. విప్పాలంటే నడుము వంచాలి.

చెంచురామయ్య తనంతట తానే అడిగాడు: “ఎండలో కూడా ఇట్నే ఉంటదా బాజీ?”

అడగాల్సిన మాట అదే. చెప్పాల్సిన సమయమూ అదే.

“ఉంటదిలే అన్నా,” అన్నాడు బాజీ.

ముక్కుబండి ఆసుపత్రి వైపు వెళ్ళింది. బాజీ కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో టెంకాయ చిప్ప అలాగే ఉంది. తినబుద్ధి కాలేదు.

అది రోహిణి కార్తె. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజు రోళ్ళేం ఖర్మ, రోడ్డే పగిలేలా ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు బాజీ అన్నం తిని, షెడ్డులో ఫ్యాను కింద చాప మీద ఒరిగాడు. ఫోను మోగింది. చూశాడు. చెంచురామయ్య. ఎందుకు చేశాడో ఫోను ఎత్తకుండానే తెలుసు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. బాజీ ఫోను బోర్లించి పెట్టి అటు తిరిగి పడుకున్నాడు. ‘చెయ్యి ఊపి ఎవరి బండినన్నా ఆపుకుంటార్లే’ అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు గాని నిద్ర రాలేదు. ఎలా వస్తుంది?

ఇరవై నిమిషాల తర్వాత మూడోసారి మోగింది. ఈసారి ఎత్తాడు.

“బాజీ,” అన్నాడు చెంచురామయ్య. గొంతు మారిపోయింది. “చీమకుర్తి దాటి నాలుగు కిలోమీటర్లు వచ్చాం. బండి ఆగిపోయింది. అది పోతే పోయింది. మీ వదిన కళ్ళు తేలేసింది. అంబులెన్సు పొదిలి నుంచి రావాలంట, ముప్పావుగంట పడుతుందంట. ఏం చెయ్యమంటావు? చెప్పు బాజీ!”

బాజీ లేచిన లేవడంలో చాప కాళ్ళకు చుట్టుకుని పడబోయాడు. నడుము నొప్పి ఎటు పోయిందో తెలియదు. “యోహానూ! నీ వాను తియ్యి!” అని అరిచాడు. యోహాను ఏమిటి, ఎందుకు అని అడగలేదు. రేడియేటర్లన్నీ వానులోంచి కింద పారేసి, బండి తీశాడు.

చీమకుర్తి దాటాక రోడ్డుకు రెండు పక్కలా గ్రానైటు రాళ్ళ గుట్టలు. చెట్టన్నది లేదు. ఆ రాళ్ళ మధ్య ముక్కుబండి బానెట్టు ఎత్తి పొగలు కక్కుతోంది. తలుపులు రెండూ తీసి ఉన్నాయి. సీటు మీద మాలకొండమ్మ పడుకుని ఉంది. చెంచురామయ్య పైపంచె తడిపి ఆమె నుదుటి మీద వేసి, అట్టముక్కతో విసురుతున్నాడు. ఏడవడం లేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఇంజను కాలిన వాసన ఆయనకు ముందే తెలిసిందట. ఏసీ ఆపుదామనుకున్నాడట. కాని మూడేళ్ళలో మొదటిసారి ఆమె బండిలో నిద్రపోయింది. ఆ నిద్ర చెడగొట్టడానికి మనసు రాలేదు. ఎండలో కూడా ఉంటదని మేస్త్రి చెప్పాడు కదా అని ధీమాగా తోలాడు. ఒక్కసారిగా ఆవిరి చిమ్మి బండి ఆగింది. వెంట తెచ్చుకున్న డబ్బాలో నీళ్ళు దాదాపు అన్నీ రేడియేటరులో పోసినా కదల్లేదు. ఆమెకు అసలే డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోతుంది. ఏసీ పోయిన రెండు నిమిషాలకే ఆ ఇనప గది నిప్పుల పొయ్యి అయింది.

యోహాను, బాజీ కలిసి ఆమెను వానులోకి చేర్చారు. మొగుడు తల దగ్గర కూర్చున్నాడు. బాజీ కాళ్ళ దగ్గర కూర్చుని అట్టతో విసిరాడు. ఒంగోలు సగం దూరంలో ఉండగా మాలకొండమ్మ కళ్ళు తెరిచింది. పెదవులు ఎండి చీలిపోయాయి. బాజీని గుర్తుపట్టింది.

“డబ్బా నీళ్ళూ బండే తాగేసింది బాజీ,” అంది సన్నగా. “దానికి డాక్టరు లేడుగా.”

బాజీకి నవ్వు రాలేదు.

“ఒకటి అడుగుతా చెప్పు,” అంది ఆమె. “ఇట్టా ఆగిపోద్దని నీకు ముందే తెలుసా?”

ఒక్క మాటతో పోయే జవాబు ఇక్కడా ఉంది. ‘తెలియదు వదినమ్మా, పాత బండి కదా’ అంటే సరిపోతుంది. ఎవరూ అడ్డం చెప్పేవాళ్ళు లేరు. బాజీ ఆమె చీలిన పెదవుల వైపు చూశాడు.

“తెలుసు వదినమ్మా,” అన్నాడు.

బండి తోలుతున్న యోహాను ఒక్కసారి వెనక్కి చూసి మళ్ళీ ముందుకు తిరిగాడు.

“మరి చెప్పలేదే?”

“ఓపిక లేక,” అన్నాడు బాజీ. అన్నాక ఆ మాట ఎంత చిన్నదో, ఎంత సిగ్గుమాలినదో ఆయనకే వినిపించింది.

మాలకొండమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “ఓపిక లేకపోవడమంటే ఏందో నాకు తెలుసులే నాయనా,” అని కళ్ళు మూసుకుంది. “వారానికి మూడుసార్లు తెలుసు.”

ఆసుపత్రిలో ఆమెను లోపలికి తీసుకున్నారు. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పేసరికి సాయంత్రం నాలుగైంది. వరండాలో బల్ల మీద చెంచురామయ్య కూర్చున్నాడు. బాజీ ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

“అన్నా, తప్పు నాదే. జాలీ కోసి, పెద్ద రేడియేటరు వెయ్యకపోతే ఆ బండికి ఏసీ ఆగదు. మొదటి రోజే తెలుసు నాకు. ముక్కు ముట్టుకోవద్దన్నావుగా. కొయ్యాలంటే నువ్వు ఒప్పుకోవనుకున్నా. వాదించే ఓపిక లేక సరే అన్నా.”

చెంచురామయ్య తలెత్తి చూశాడు.

“ఒప్పుకోనని నువ్వెట్టా అనుకున్నావు?” అన్నాడు. “కొయ్యకపోతే దారిలో ఆగిపోద్ది అన్నా, అని ఒక్క మాట అని ఉంటే అక్కడికక్కడే రంపం నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి. ఇనుముదేముందయ్యా, కోస్తే మళ్ళీ అతికించుకోవచ్చు. దాని అందం కోసం నా మనిషిని ఎండలో పెట్టుకుంటానా? నా నోరు కూడా తెరవనియ్యలేదు నువ్వు. ఎందుకు కావాలో చెబుతుంటే సరే సరే అన్నావు.”

బాజీ తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ కాదంటే పెద్ద యుద్ధమవుతుందని భయపడ్డాడు. ఈ యుద్ధం ఒక్క మాటతో ముగిసేది. ఆ ఒక్క మాట దాచుకున్నందుకు ఇంత జరిగింది.

జరిగింది అక్కడితో పోలేదు. ఎండలు తగ్గేదాకా అంత దూరం తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆసుపత్రి వెనక సందులో రేకుల గది ఒకటి తీసుకుని మొగుడూ పెళ్ళాం అందులోకి చేరారు. పెంచుకున్న గేదెను పక్కింటివాళ్ళకు అప్పజెప్పారు. నెలా పదిహేను రోజులు మాలకొండమ్మ సొంత ఇంటి మొహం చూడలేదు. సొంత మంచం మీద పడుకోలేదు. “నా గేదె నన్ను మర్చిపోతదేమో,” అని దిగులు పడేది. గేదె కోసం దాని దూడైనా ఇంత బెంగపడదని చెంచురామయ్య హాస్యమాడబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. పోయిన రోజుల్ని బాజీ తెచ్చి ఇవ్వలేడు కదా. ఎవరు మాత్రం ఇవ్వగలరు?

బాజీ ముక్కుబండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాడు. చెంచురామయ్యను కూర్చోబెట్టి, ఏదేది కొయ్యాలో, ఏదేది మార్చాలో, ఎన్ని రోజులు పడుతుందో సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాడు. తన తప్పుకు తానే ఖర్చు పెట్టుకుంటానన్నాడు. చెంచురామయ్య వద్దనలేదు. యోహాను మూడు వరసల గొట్టాలతో పెద్ద రేడియేటరు కట్టి ఇచ్చాడు. ముక్కు జాలీలో నాలుగు చువ్వలు తీసేశారు. ఇంజను కిందికి దూరి పనిచేసేటప్పుడు బాజీకి నడుము మునుపటికంటే ఎక్కువే నొప్పి పుట్టింది. మూలిగాడు, తిట్టుకున్నాడు, మళ్ళీ దూరాడు.

ఆ రోజుల్లోనే ఒక ఆటో ఆయన వచ్చి, “మేస్త్రీ, నా ఆటోకి ఏసీ పెట్టాలి. తలుపులు అక్కర్లేదు, పరదాలు కట్టుకుంటా,” అన్నాడు.

బాజీ నోటి దాకా ‘సరే’ వచ్చింది. అలవాటు ఊరికే పోతుందా? గుటక మింగాడు.

“కాదు బాబూ,” అన్నాడు. “పరదాల్లోంచి చల్లగాలంతా రోడ్డు పాలవుద్ది. నీ ఇంజను కూడా దాన్ని లాగలేదు. డబ్బులు తగలేసుకోవద్దు.”

పక్క షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

ఆటో ఆయన తల గోక్కున్నాడు. “అంతేనంటావా? సరే అయితే. పైన తెల్ల రంగు వేయించుకుంటాలే,” అని వెళ్ళిపోయాడు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బాజీ ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉండిపోయాడు.

గోడ అవతలి నుంచి యోహాను గొంతు వినిపించింది: “ప్రభువా, ఇంక నన్ను తీసుకుపోయినా చింత లేదు!”

పదిహేను రోజుల పని ఇరవై రోజులు పట్టింది. పనయ్యాక బాజీ వరసగా నాలుగు రోజులు మధ్యాహ్నం రెండింటికి ముక్కుబండిని చీమకుర్తి రోడ్డు మీద తిప్పాడు. అద్దాలెత్తి, గడియారం చూసుకుంటూ, ఎక్కడ వేడెక్కుతోందో, ఎక్కడ చల్లబడుతోందో చూసుకున్నాడు. అయిదో రోజు పొదిలి దాకా వెళ్ళొచ్చాడు. పొదిలి దగ్గర రోడ్డు ఎత్తెక్కే చోట ఇంజను కాస్త మొరాయించింది. మళ్ళీ విప్పాడు, బిగించాడు. తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఎంతైనా ముసలి ఇంజను.

ఆషాఢంలో డాక్టరు ఊరికి వెళ్ళొచ్చన్నాడు. ఎండ ఇంకా ఉంది గాని మునుపటంత లేదు. ఆ రోజు డయాలసిస్ అయ్యాక, పట్టపగలు పన్నెండింటికి, బాజీ తానే బండిని ఆసుపత్రి గేటు ముందుకు తెచ్చి నిలబెట్టాడు. చెంచురామయ్య బట్టల మూట వెనక పడేశాడు. మాలకొండమ్మ మెల్లగా వచ్చి బండి తలుపు దగ్గర ఆగింది. ఎక్కడానికి జంకింది. మనిషి ఇంకా చిక్కిపోయింది. పోయిన ప్రయాణం ఆమె మరిచిపోలేదు.

బాజీ వైపు తిరిగి అడిగింది: “ఇంటిదాకా చల్లగా ఉంటదా బాజీ? నిజం చెప్పు.”

బాజీ బానెట్టు మీద చెయ్యి వేశాడు. “ఇంటిదాకా ఉండదు వదినమ్మా. పొదిలి దాకా ఉంటది. అక్కడ ఎత్తెక్కేటప్పుడు అన్న ఏసీ ఆపెయ్యాలి. ఆపకపోతే ఇంజను తట్టుకోదు. మూడు కిలోమీటర్లు ఉక్కపోత తప్పదు. ఎత్తు దిగాక మళ్ళీ వేసుకోవచ్చు. అంతకంటే నా చేత కాలేదు.”

చెంచురామయ్య భార్య మొహంలోకి చూశాడు. యోహాను దూరంగా నిలబడి వింటున్నాడు. ఆమె ఒక చెయ్యి బాజీ భుజం మీద వేసి, ఒక చెయ్యి తలుపు పట్టుకుని బండెక్కింది. కాళ్ళు ముడుచుకుని, మొగుడి తొడ మీద తల పెట్టుకుని పడుకుంది.

“మూడు కిలోమీటర్లే కదా,” అంది. “ముందే చెప్పావు కాబట్టి ఓర్చుకుంటాలే.”

ముక్కుబండి కదిలింది. ఆమె ఇల్లు చేరినట్టు ఆ సాయంత్రం చెంచురామయ్య ఫోను చేసి చెప్పాడు. బాజీ మొదటి మోతకే ఫోను ఎత్తాడు.

నీతి: ఓపిక లేక అనే ‘సరే’ కన్నా, ఓపిక చేసుకుని చెప్పే ‘కాదు’ వెయ్యి రెట్లు మేలు; ముందే చెప్పిన కష్టాన్ని ఎవరైనా ఓర్చుకుంటారు, దాచిన కష్టమే ప్రాణం మీదికి తెస్తుంది.